విత్తనాల శాఖ సారు

ఫోన్ పెట్టేసి లక్ష్మణరావు తలుపు గడియ వేశాడు. తర్వాత ఫ్యాను వేగం పెంచి, ఆ చప్పుడు చాటున గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆర్డర్లు వచ్చినయి. రేపు సాయంత్రం ఛార్జ్ తీసుకుంటున్న. నిఘా విభాగానికి ఇగ నేనే చీఫ్."

కొత్త కోడలు మృదుల ఎగిరి గంతేసింది. పెళ్లిగాజులు ఘల్లుమన్నాయి. "కంగ్రాట్స్ మామయ్యా! బిల్డింగంతా లడ్డూలు పంచుతా!"

ఆమె భర్త సిద్ధార్థ్ గబుక్కున కిటికీ మూశాడు. అత్తగారు అనసూయ కోడలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పంచి, ఏమని చెప్తవు?"

మృదుల నాలుక కరుచుకుంది. నాంపల్లిలోని ఆ పాత బిల్డింగులో అందరి లెక్కలో లక్ష్మణరావు విత్తనాల శాఖ ఆఫీసరు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని లక్డీకాపూల్ వెళ్లొస్తాడు. అసలు సంగతి ఆ ఇంట్లోవాళ్లకే తెలుసు. పెళ్లయ్యాక సిద్ధార్థ్ తలుపేసి మరీ ఆమె చెవిలో చెప్పాడు.

"నౌకరిల చేరినకాడికెల్లి ఒక్కరికి తెల్వనియ్యలే బిడ్డా," అన్నాడు లక్ష్మణరావు. "పక్కింటోళ్ల దగ్గర గుట్టు దాచుకోలేనోడు డిపార్ట్‌మెంట్ గుట్టేం దాస్తడంటరు. ఛార్జ్ తీసుకోకముందే ఆర్డర్ రద్దయితది."

"గందుకే ఎన్ని ప్రమోషన్లొచ్చినా ఈ మనిషి మెడల ఒక్క దండ పడలే," అంది అనసూయ.

లక్ష్మణరావు విననట్టు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. అది చూసి మృదులకు మనసాగలేదు.

"కారణం చెప్పకుండా పంచుతా మామయ్యా. ప్లీజ్!"

ఆయన కోడలి ముఖం చూశాడు. వద్దనలేకపోయాడు.

"సరే. ఎవరన్న అడిగితే నవ్వు. నవ్వుల నుంచి ఎవ్వడూ ఏం రాబట్టలేడు. అనుభవంతోటి చెప్తున్న."

సిద్ధార్థ్ బండి మీద ఇద్దరూ అబిడ్స్ వెళ్లి లడ్డూలు తెచ్చారు. వేడి డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంటే, సిగ్నల్ పడిన ప్రతిచోటా నెయ్యి వాసన గుప్పుమంది. రహస్యానికి ఇంత మంచి వాసన ఉంటుందని మృదుల ఎప్పుడూ అనుకోలేదు.

బిల్డింగు కింద గడియారాల రిపేరు చేసే రామచందర్‌కు మొదటి లడ్డూ ఇచ్చింది.

"దేనికి బిడ్డా?"

మృదుల నవ్వింది. రామచందర్ ఒకసారి తలెత్తి లక్ష్మణరావు బాల్కనీ వైపు చూశాడు. చెయ్యి చాపి డబ్బాలోంచి ఇంకో లడ్డూ తీసుకున్నాడు. "ఒకటి నీ పేరు మీద. ఇంకోటి..." అంటూనే దాన్ని నోట్లో కుక్కేసుకున్నాడు.

ఇంకోటి ఎవరి పేరు మీద? అర్థం కాక మృదుల మెట్లెక్కింది.

మొదటి అంతస్తులో బడి టీచరు వనిత ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "ఏంది, విశేషమా?"

మృదుల తికమకపడింది. కాదంటే, మరి లడ్డూలు దేనికంటుంది. ఔనంటే అబద్ధం. నవ్వింది.

"గట్లనే నవ్వు. మస్తుగున్నది," అని వనిత కన్ను గీటింది.

కడుపు పండితే కన్ను గీటడమేమిటి? పైగా ఆ తలుపు పక్కన నిలబడ్డ వనిత భర్త, "సార్‌కు... అదే, నీకు శుభాకాంక్షలమ్మా," అని నాలుక కరుచుకున్నాడు. మృదుల గబగబా మెట్లెక్కింది. తన నవ్వులో ఎక్కడో తప్పు జరుగుతోంది. మామయ్య ఉద్యోగం తన చేతుల్లోంచి జారిపోతోంది.

పై అంతస్తులో ఉండే ముసలావిడ వీరమ్మ ఆమెను లోపలికి లాగి, తలుపేసి, టీవీ సౌండ్ పెంచింది.

"కూసో. ఎన్నో నెల?"

ఈసారి నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. "అవ్వా, విశేషం ఏం లేదు. కానీ లడ్డూలు దేనికని మాత్రం అడగకు. నీకు దండం పెడతా."

"నేనెందుకడుగుత? పోయిన నెలనే తెలుసు. సారుకు పెద్ద పోస్టొస్తున్నది. గంతేనా?"

మృదుల డబ్బా కింద పెట్టేసింది. "ఎవరు చెప్పారు?"

"వాళ్లాఫీసోళ్లే! ఆయనకు పోస్టు పెరిగినప్పుడల్ల ముందుగాల ఇద్దరొస్తరు. సారు ఎట్లాంటోడు, ఇంటికి ఎవరొస్తరు, అప్పులున్నయా అని ఇల్లిల్లు అడుగుతరు. విత్తనాలోళ్లకు గింత ఎంక్వైరీ ఏందయ్యా అని మొదటిసారే అడిగిన. సీక్రెట్ పోస్టవ్వా, ఎవ్వరికి చెప్పకు అన్నరు. గా ముక్క ప్రతి ఇంట్ల కూసొని, చాయ్ తాగి మరీ చెప్పిపోయిన్రు."

"మరి అందరికీ తెలిసి కూడా..."

"ఎట్లంటం బిడ్డా? గంత కష్టపడి దాస్తున్నడాయె. బంగారమసొంటి మనిషని వచ్చినోళ్లకు చెప్తం, తలుపేసుకుంటం. నేనైతే ఏటా వానకాలంల వరి విత్తనాల సంగతి అడుగుత. పాపం, ఎక్కణ్నో చదువుకొనొచ్చి మరీ చెప్తడు. నాకున్న పొలం చూసినవా?" అంటూ వీరమ్మ కిటికీలోని తులసికుండీని చూపించింది.

ఏడవాలో నవ్వాలో తెలియక మృదుల రెండూ చేసింది. "మామయ్యకు మాత్రం తెలియొద్దవ్వా. తెలిస్తే తట్టుకోలేడు."

"పిచ్చిదానా, గిన్నేండ్ల సంది మేం చేస్తున్నదేంది?" వీరమ్మ లడ్డూ తుంచి సగం ఆమె నోట్లో పెట్టింది. "గా మనిషికి ఒక్క దండెయ్యాలని అందరికీ ఉండె. సాకే దొరకకపాయె. ఇప్పుడు నువ్వు తెచ్చినవు. రేపు పొద్దుగాల బిల్డింగంత మీ ఇంటికొస్తున్నం. నువ్వు జర సిగ్గుపడుకుంట నిలబడు, చాలు. దండ మాత్రం సారుకేస్తం, తాతైతున్నడని!"