కుళాయి పక్క రాయి

ముసలాయన బిందెడు నీళ్లు రాయి మీద పోస్తూ దొరికిపోయాడు.

హేమాంగి బాయి అప్పుడు బడి వరండాలో ఏడో తరగతికి పాఠం చెబుతోంది. ముందర పళ్లెంలో మట్టి, అందులో గుచ్చిన రెండు తీగలు, నాలుగు సెల్లులు, ఒక బుల్లి దీపం.

మట్టి పొడిగా ఉన్నంతసేపూ దీపం వెలగలేదు. ఉప్పునీళ్లు చల్లింది. వెలిగింది.

"ఎందుకు వెలిగింది?"

"తడి మట్టిలోంచి కరెంటు పోతుంది బాయీ!" ముక్తా అరిచింది.

"మరి పొడి మట్టిలోంచి?"

"పోదు!" అంది తరగతంతా.

సోపాన్ మాత్రం ఆవరణ వైపు చూస్తున్నాడు.

"బాయీ, అటు చూడండి. రాయికి స్నానం!"

బోరు మోటారు గది గోడకు ఇనుప కుళాయి ఉంది. దాని పక్కనే నేల మీద ఒక రాతి పలక. పలక మీద ఎర్ర రంగు. ధోతీ, తెల్ల టోపీలో ఉన్న ముసలాయన దాని మీద బిందె వంచుతున్నాడు. నీళ్లు పలక అంచుల్లోంచి లోపలికి ఇంకిపోతున్నాయి.

"ఎవరతను?" హేమాంగి బంట్రోతు బబన్‌ని అడిగింది.

"తుళశీరామ్ కాకా. వాగు అవతలి పల్లె. నేను చేరక ముందునుంచీ ఎండాకాలం వస్తాడట. నీళ్లు ఇంటినుంచే మోసుకొస్తాడు బాయీ, మన కుళాయి ముట్టడు. మడి కాబోలు."

హేమాంగి వరండా దిగింది. పిల్లలు వెనకాలే దిగారు.

"ఏం కాకా, మ్హసోబా దేవుణ్ణి వెలయించారా? ఎర్ర రంగయింది, అభిషేకమయింది. రేపు కొబ్బరికాయ, ఎల్లుండి కోడి. బడిలో గుడి లేపుదామనా?"

"దేవుడు కాదు బాయీ. తడి ఆరకూడదన్నారు."

"ఎవరన్నారు? పూనకం వచ్చిన భగతా?"

పిల్లలు నవ్వారు.

"కాదు బాయీ, అది..."

"ఊళ్లో ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారు. మీరేమో రాయికి తాగిస్తున్నారు. నేనిక్కడ సైన్సు చెప్తున్నాను కాకా. పిల్లల ముందు ఇలాంటివి వద్దు."

ముసలాయన కుళాయి వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు.

"పిల్లలు బాయీ..."

"పిల్లల సంగతి నేను చూసుకుంటాను."

ఆయన ఖాళీ బిందె భుజాన పెట్టుకున్నాడు.

తరవాత ఒకసారి గేటు దగ్గర కనిపించాడు. బబన్ లోపలికి రానివ్వలేదు. మరి రాలేదు. బడి నుంచి ఒక మూఢనమ్మకాన్ని ఎలా సాగనంపిందో హేమాంగి టీచర్ల సమావేశంలో చెప్పింది. చప్పట్లు కొట్టారు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఎండ ముదిరింది.

ఆ రోజు నీళ్లు తాగడానికి వెళ్లిన ముక్తా అరచెయ్యి రుద్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"బాయీ, కుళాయి కరిచింది."

"కుళాయికి పళ్లొచ్చాయేంటే?" అన్నాడు సోపాన్.

హేమాంగి నవ్వలేదు. డబ్బాలోంచి టెస్టరు తీసుకుని వెళ్లి కుళాయికి ఆనించింది.

టెస్టరు వెలిగింది.

"ఎవరూ ఇటు రాకండి! బబన్, మెయిన్ దించు!"

సాయంత్రం వైర్‌మన్ రియాజ్ వచ్చాడు. మోటారు విప్పకముందే గడ్డపారతో ఎర్ర పలక లేపాడు. కింద గొయ్యి, అందులో ఇనుప గొట్టం, చుట్టూ బొగ్గు, ఉప్పు, మట్టి. పిడికెడు తీసి ఊదాడు. పిండిలా లేచిపోయింది.

"ఎర్త్ గొయ్యి బాయీ ఇది. ఎవరూ తవ్వొద్దని రంగు నేనే పూశా. మోటారులోంచి కరెంటు కారితే ఇందులోంచి భూమిలోకి పోవాలి. ఇలా ఎండిపోతే ఎటు పోతుంది? కుళాయి పట్టుకున్న మనిషిలోంచి పోతుంది."

"పొడి మట్టిలోంచి పోదు కదా బాయీ," అంది ముక్తా.

హేమాంగి ఒంగి గొయ్యిలోని మట్టి ముట్టుకుంది.

"తుళశీరామ్ కాకా రావట్లేదా?" రియాజ్ అడిగాడు. "ఎండాకాలం తడి ఆరనివ్వొద్దని నేనే చెప్పా. బడివాళ్లకీ చెప్పా. వాళ్లంతా బదిలీ అయిపోయారు. ఆయన ఒక్కడే గుర్తు పెట్టుకున్నాడు."

మర్నాడు పొద్దున్నే హేమాంగి వాగు దాటింది.

తలుపు తీసిన ముసలావిడ నొసట కుంకుమ లేదు.

"కాకా..."

"అమావాస్యకు పోయారమ్మా. జ్వరం. మీరు బడి బాయి కదూ? కూర్చోండి."

ఆవిడ బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. ఆ చెంబు ఎత్తడానికి హేమాంగికి చెయ్యి రాలేదు.

"మంచాన పడ్డాక కూడా అదే ధ్యాస. రాయి ఎండిపోయిందేమో, ఎండిపోయిందేమో అని. పోనీ నేను పోసొస్తానన్నాను. వద్దన్నారు. 'బాయి చదువుకున్న మనిషి. పిల్లల సంగతి తను చూసుకుంటానంది' అన్నారు."



"మా బడిలో మీ వాళ్లెవరూ లేరు కదమ్మా. ఆయనకెందుకింత పట్టు?"

ముసలావిడ గోడకేసి తిరిగింది.

గోడకు ఒక పటం. పటానికి దండ. రెండు జడల పిల్ల. నీలం లంగా, తెల్ల చొక్కా. హేమాంగి రోజూ తరగతిలో చూసే బట్టలే.

"మా పిల్ల ఆ కుళాయి దగ్గరికి నీళ్లు తాగడానికే వెళ్లింది, బాయీ."