చెరిగిన తేలు

బస్సు డిపోలో డ్రైవర్లను, మెకానిక్కులను వరసలో నిలబెట్టి కాలర్లు దించమన్నారు.

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరి మెడ చూస్తున్నాడు. లెక్కల శాఖ గుమాస్తా వెనకే నడుస్తూ వయసు, వీధి, గుర్తు ఉందో లేదో రాసుకుంటున్నాడు.

తేలు గ్యాంగులో ఎంతమంది ఉన్నారో, ఏ వయసువాళ్లో, ఏ పనివాళ్లో లెక్క పంపమని పైనుంచి కాగితం వచ్చింది. చెవి కింద తేలు పచ్చబొట్టు ఉంటే గ్యాంగు మనిషి కింద లెక్క. లెక్కలోకి ఎక్కినవాడికి డిపోలో పని ఉండదు.

అప్పటికే నలుగురు దొరికారు. తర్వాత ఒక మెకానిక్కు దొరికాడు.

"కుర్రతనంలో వేయించుకున్నాను సార్. ఏడాదిన్నరకే మానేశాను. ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకుంటున్నాను."

"తేలు ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే నువ్వూ ఉన్నట్టే."

మెకానిక్కు చేతిలోని పానా కింద పెట్టి గేటు వైపు నడిచాడు.

గుమాస్తా కలం ఆపాడు. ఇప్పటిదాకా దొరికినవాళ్లంతా నలభై దాటినవాళ్లేనని, వాళ్లలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులని, వీధుల్లో కత్తులు తిప్పేది వీళ్లేనని రాస్తే పైవాళ్లు నవ్వుతారని గొణిగాడు. ఇప్పటి కుర్రాళ్లు గుర్తు వేయించుకోవడం లేదని డిపోలో అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరుకూ తెలుసు.

"మనల్ని లెక్క అడిగారు. నిజం అడగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తర్వాతి వంతు పదో నంబరు బస్సు డ్రైవరుది.

అతను పదహారో ఏట గ్యాంగులో చేరాడు. ఆ వారమే తేలు వేయించుకున్నాడు. అది చెరిగిపోయి చాలా ఏళ్లయింది. కానీ ఇన్‌స్పెక్టరు చేతిలో టార్చి ఉంది. ఏ గీత ఎక్కడ మిగిలిందో అద్దంలో కనపడని చోటు అది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఏ వీధి?"

"రైలు పట్టాలకు ఇవతలిది సార్. గడియారాల వీధి."

టార్చి వెలుగు మెడ మీద ఆగింది. ఇన్‌స్పెక్టరు బొటనవేలితో చర్మం లాగి చూశాడు. రుద్ది చూశాడు.

"ఏమీ లేదు. వెళ్లు."

"ఆ వీధి నుంచి ఒక్కడూ లేడు సార్," అన్నాడు గుమాస్తా. "మర్యాదస్తుల వీధిలా ఉంది."

డ్రైవరు నేల చూశాడు. గ్యాంగు పుట్టిందే ఆ వీధిలో.

బస్సు నడుపుతున్నంతసేపూ అతనికి పచ్చబొట్టు తాత గుర్తుకొచ్చాడు. సైకిలు షాపు వెనక గదిలో కూర్చునేవాడు. వీధిలో అందరికీ తేలు వేసింది ఆయనే. సూది పట్టుకునే ముందు ప్రతివాణ్ణీ వయసు అడిగేవాడు.

"పదహారు."

"ఎన్నాళ్లుంటావు వాళ్లతో?"

"చచ్చేదాకా."

తాత తలూపి పని మొదలుపెట్టేవాడు.

ఏడాది తిరిగేసరికి తేలుకు తోక పోయేది. తర్వాత కాళ్లు పోయేవి. గ్యాంగులోనే పట్టాల అవతల వేయించుకున్నవాళ్ల తేళ్లు మాత్రం నల్లగా నిగనిగలాడేవి. 'మీది తేలు కాదురా, పేడపురుగు' అని వాళ్లు ఏడిపించేవాళ్లు. ఒకరోజు గ్యాంగు పెద్ద వచ్చి తాత బల్ల తన్నేశాడు. రంగు సీసాలు పగిలాయి.

"చేతకాకపోతే మానెయ్ ముసలోడా."

"వయసు మీద పడింది నాయనా, చెయ్యి వణుకుతోంది," అన్నాడు తాత, గాజు ముక్కలు ఏరుతూ. "వచ్చే ఏడు పంపించు. డబ్బులొద్దు, అందరికీ మళ్లీ వేస్తా."

వచ్చే ఏటికి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. ఒకడు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. ఒకడు పెళ్లి చేసుకున్నాడు. ఇప్పటి పదో నంబరు డ్రైవరు అప్పుడు లైసెన్సు కోసం తిరుగుతున్నాడు. చచ్చేదాకా అన్నవాళ్లలో రెండేళ్లు దాటి ఉన్నవాడు గ్యాంగు పెద్ద ఒక్కడే.

తాత పేరు మాత్రం పాడైపోయింది. ఆయన దగ్గర వేయించుకోవడమూ నీళ్ల మీద రాయించుకోవడమూ ఒకటేనని వీధంతా అనేది. ఆ మాట డ్రైవరూ చాలాసార్లు అన్నాడు. పచ్చబొట్టు కావలసినవాళ్లు పట్టాలు దాటి వెళ్లారు. తాత గొడుగులు బాగుచేసి బతికాడు.

సాయంత్రం డ్యూటీ దిగి డ్రైవరు ఆ గదికి వెళ్లాడు. తాత భార్య తలుపు తీసింది. ఆయన పోయి రెండేళ్లయిందని చెప్పింది. ఎవరి అబ్బాయివని అడిగింది. చెప్పాడు. కూర్చోమని మంచినీళ్లు తెచ్చింది.

గ్లాసు అందుకుంటూ డ్రైవరు ఆమె చెయ్యి చూశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు తీగ. ఆకు ఆకుకీ ఈనెలు కనిపిస్తున్నాయి.

"ఇది ఎవరు వేశారమ్మా?"

"ఇంకెవరు వేస్తారు? పెళ్లైన కొత్తలో ఆయనే కూర్చోబెట్టి వేశాడు. అప్పటికి మీ అమ్మకు నువ్వు పుట్టలేదు."

డ్రైవరు నీళ్లు తాగలేదు. ఇంకోసారి తీగ చూశాడు. ఒక్క గీత చెదరలేదు.

"మరి ఆయనకు చెయ్యి వణికేది కదా?"

"ఎవరు చెప్పారు నీకు?" ఆమె నవ్వింది. "పోయే ముందు రోజు కూడా నా సూదిలో దారం ఎక్కించింది ఆయనే, నాయనా."