సైకిల్ దిబ్బ

పుల్ల విరిచినా పల్లెవాళ్ళ మీద కేసు పెట్టే సముద్రపొడ్డు అడవిలో, సైకిల్ క్లబ్బు లోకనాథ్ కొండలెక్కే సైకిళ్ళకు బాట వేయించాడు. గోదావరి లంకల్లో కొండలెక్కడివి? అందుకని క్లబ్బువాళ్ళు రాజమండ్రి నుంచి కార్లమీద సైకిళ్ళు కట్టుకొచ్చి, ఆ బాటలో ఉన్న ఇసుక దిబ్బ మీంచి ఎగిరేవారు.

ప్రతి ఆదివారం దిబ్బ కరిగిపోయేది. సోమవారానికి మళ్ళీ లేచేది. పక్క పల్లెపాలెం నుంచి అచ్చాయమ్మ తట్టతో ఇసుక మోసి, తడిపి, గవ్వలు గుచ్చేది. ఒక కొసను మాత్రం మరీ శ్రద్ధగా కట్టేది.

"చూశారా మాస్టారూ, జీతం లేకుండా మన ట్రాక్ చూసుకుంటోంది. ప్రకృతి ప్రేమంటే ఇదండీ," అన్నాడు లోకనాథ్ నాతో.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత రోత పుట్టించే వాక్యం తగల్లేదు.

సైకిల్ పోటీ రోజున ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. "ఏం కావాలో అడుగు అచ్చాయమ్మా," అన్నాడు మైకులో.

ఆమె శాలువా తీసి మడతపెట్టింది.

"మా ఆయన్ని పూడ్చింది ఆ దిబ్బలోనేనండి. మానెయ్యమంటే మీరెలాగూ మానరు. కాళ్ళవైపు తొక్కుకోండి బాబూ. తలవైపు ఒదిలెయ్యండి."

మైకు లోకనాథ్ చేతిలోనే ఉంది. ఆమె మాట వినబడక జనం చప్పట్లు కొట్టారు.

వినబడిన లోకనాథ్ కూడా కొట్టాడు.