స్టార్టరు పెట్టె

మిరపచేలో మోటారు ఆగింది. మా మనవరాలు నిస్సీ స్టార్టరు పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడింది. డిప్లొమా అయ్యాక ఈ ఏడే బీటెక్ రెండో సంవత్సరంలో చేరింది. వెంట హాస్టలు స్నేహితురాలు వచ్చింది.

"విప్పవే," అన్నాను.

"మెకానిక్కును పిలువు తాతా."

"ఏందే! డిప్లొమా చదివేటప్పుడు నువ్వే బాగుచేసేదానివిగా?"

"నువ్వు డిప్లొమానా? చెప్పనే లేదే!" అంది స్నేహితురాలు.

నిస్సీ మొహం ఎర్రబడింది. ఆ పిల్ల ఫోనొచ్చి గట్టు మీదకు పోయాక అడిగాను.

"డిప్లొమా అని చెబితే నామోషీ ఏందే?"

"నేను పాలిటెక్నిక్‌లో ఉన్న మూడేళ్లూ చర్చిలో నువ్వేమని చెప్పావు తాతా?"

ఇంజినీరింగని చెప్పాను.

జేబులోంచి ఫోను తీసి మెకానిక్కు నంబరు వెతికాను.