ఉప్పునీళ్ళ పెళ్ళికొడుకు

“పెండ్లి మాత్రం నేను పోయినాకనే. అంతకుముందు ఒక్క రోజు కూడా వద్దు. దీనికి సరేనంటేనే మిగతావి మాట్లాడుకుందాం” అంది సుగుణమ్మ.

కృప సిరంజిలోకి మందు లాగి, గాలి బుడగ తీసి, పెద్దావిడ చేతికి స్పిరిట్ రాసింది. నంద్యాల నుంచి వచ్చి బెంగళూరులో నర్సు పని చేసుకుంటున్న పిల్ల. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే యలహంకలోని ఈ ఇంటికి వస్తోంది. నొప్పి తగ్గించడం తప్ప ఇక చేయగలిగింది లేదని, వానాకాలం దాటితే గొప్పని ఆస్పత్రివాళ్ళు ఎప్పుడో చెప్పేశారు.

“ఎవరైనా పెళ్ళి కళ్ళారా చూసి పోవాలనుకుంటారు ఆంటీ. మీరేంది ఇట్లా తిరకాసు పెడతారు?”

“చూడాలని సరదా లేదులేమ్మీ. జరగాలని పట్టుదల ఉండాది.”

సుగుణమ్మ ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కృపకు ముందు ముగ్గురు నర్సుల్ని వారం తిరక్కుండా వెనక్కి పంపింది. ఒకామె తలుపు ధడాలున వేస్తుందట, ఒకామెకు ఓపిక లేదట, ఇంకొకామెకు నవ్వే రాదట. ఇంజక్షన్ ఇవ్వడానికి నవ్వు దేనికో ఏజెన్సీ వాళ్ళకు అర్థం కాలేదు.

అసలు మాట ఎత్తింది కృపే. ఆ ఇంట్లోనే ఉండే క్రిస్టోఫర్ అంటే ఇష్టమని, చేసుకుంటే అతన్నే చేసుకుంటానని, అతను మందుల షాపుకు వెళ్ళిన సందు చూసుకుని చెప్పేసింది. నిన్న అతనికే చెబితే కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఆమె ఉన్నంతకాలం నా దగ్గర ఆ మాట ఎత్తొద్దు” అన్నాడు. ఇంత అమ్మచాటు బిడ్డ ఏమిటని కృపకు ఒళ్ళు మండింది. అయినా ఇష్టం లేదని అనలేదు కదా. ఆ ఒక్క ఆశ పట్టుకుని నేరుగా పెద్దావిడ దగ్గరికే వచ్చింది.

“అతను మనలాంటి మనిషి కాదని తెలుసునా నీకు?”

“తెలుసు ఆంటీ. వచ్చిన రెండో వారమే తమాషాకి పల్స్ ఆక్సీమీటర్ అతని వేలికి పెట్టినా. గీతలే గానీ అంకె రాలేదు. మణికట్టు పట్టుకుంటే నాడి లేదు. అతనేమో నవ్వుతా, మోకాలి వెనక చూడమన్నాడు. అక్కడుంది. నిమిషానికి పన్నెండు.”

“భయం కాలేదా?”

“రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఏజెన్సీ వాళ్ళు సర్జాపురలో వేరే పేషెంటును చూసుకోమన్నారు. పోనన్నా. నా మనసు నాకే అప్పుడు తెలిసింది.”

పైన యుద్ధవిమానం ఒకటి ఇంటి కప్పు అదిరేలా పోయింది. ఆ మోత తగ్గేదాకా ఇద్దరూ మాట ఆపారు.

“ఆ విమానాల మైదానం వెనకనే దొరికినాడు నాకు” అంది సుగుణమ్మ. “ఏ లోకం నుంచి వచ్చినాడో చెప్పడానికి ఒక్క మాట రాదు. అన్నం ముద్ద ఎట్ల పట్టుకోవాలో తెలీదు. తినడం నేర్పినా, తెలుగు నేర్పినా, పేరు నేనే పెట్టినా. బాప్తిస్మం కూడా ఇప్పించినా. నీళ్ళలో ముంచితే పైకి లేవలేదప్పా, అడుగున హాయిగా కూర్చుండిపోయినాడు. పాస్టరుగారికి చెమటలు పట్టినాయి.”

కృప పకపకా నవ్వింది. కన్నతల్లి మాత్రం ఇంతకన్నా ఏం చేస్తుంది అనుకుంది. సుగుణమ్మ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

“నవ్వింది చాలు, రాసుకో.”

కృప మందుల చీటీ వెనక రాసుకుంది. స్నానం నీళ్ళలో రోజూ రెండు కిలోల రాళ్ళుప్పు కలపాలి. చింతపండు కంటబడకుండా దాచాలి, లేకపోతే బెల్లంలా తినేసి మత్తెక్కి పడిపోతాడు. క్రిస్మస్ నెలలో ఒంటిమీద తోలంతా ఊడిపోతుంది. కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తకూడదు. కొబ్బరినూనె రాసి వారం రోజులు గదిలో ఉంచితే చాలు.

“దుఃఖం వస్తే ఒళ్ళు మంచుగడ్డయిపోతాది. అప్పుడు మాత్రం ఒంటరిగా వదలొద్దు. గట్టిగా పట్టుకోని కూర్చోవాల. నేను పోయిన రోజు అట్లే అయితాడు. ఆ రోజు నువ్వు ఇక్కడ ఉండాల.”

 కృప పెన్ను పక్కన పెట్టి సుగుణమ్మ చేయి పట్టుకుంది.

“ఉంటా ఆంటీ. ఎవరు అడ్డమొచ్చినా ఉంటా.”

“ఇంకొకటి ఉండాది. అన్నిటికన్నా కష్టమైంది అదే. అతనికి వయసు రాదు. నీ జుట్టు నెరుస్తాది, పండ్లు కదులుతాయి. అతను ఇప్పుడెట్ల ఉండాడో అట్లనే ఉంటాడు.”

కృప ఇది అనుకోలేదు. ఉప్పు మూటలు మోయమంటే మోస్తుంది. ఊరంతా ఒకటై కాదన్నా ఎదురు నిలుస్తుంది. కానీ ముడతలు పడిన తన మొహం పక్కన అతని మొహం ఊహించుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అయితే నేను ముసలిదాన్నయినాక నన్ను వదిలేస్తాడు.”

“వదలడు.”

“మీరెట్ల చెప్తారు ఆంటీ? ఏ తల్లయినా కొడుకు గురించి అట్లనే చెప్తాది.”

సుగుణమ్మ నవ్వింది. ఈ మూడు నెలల్లో ఆమె అంత తేలిగ్గా నవ్వడం కృప ఎన్నడూ చూడలేదు.

“నన్ను పెండ్లి చేసుకోని నలభై ఏండ్లాయమ్మా, ఇంకా వదల్లేదు.”