నా చేత్తో వేసిన మాత్ర

మందుల షాపు అద్దం భళ్లున పగిలింది. స్టూలు విసిరింది ఎవరో కాదు, పక్క వీధి లేతు మిషన్ మేస్త్రి.

"నకిలీ మందులు అమ్ముతావట్రా?" అంటూ కౌంటరు దూకి షాపాయన కాలరు పట్టుకున్నాడు. మొన్నటిదాకా అదే నోటితో 'తమ్ముడూ' అని పిలిచిన మనిషి!

"ఏమైందన్నా? ముందు చెయ్యి తియ్యి!"

"మీ వదిన చచ్చిపోయేలా ఉందిరా! డాక్టరు థైరాయిడ్ మాత్ర మార్చి నెలయింది. మొహం ఉబ్బిపోయింది. మండుటెండలో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ఇవాళ ఎంత లేపినా కళ్లు తెరవలేదు. ఆస్పత్రిలో చేర్చి వస్తున్నా."

షాపాయన కాలరు విడిపించుకోబోయాడు. "పాత మాత్ర నెమ్మదిగా పనిచేసేదన్నా. ఇది అలా కాదు, గంటల్లో ఒళ్లు వేడెక్కిస్తుంది. కాస్త ఎక్కువైతే గుండె పరిగెడుతుంది. అలాంటిది ఇలా చల్లబడిపోవడమేంటి?"

"నోర్ముయ్!"

పిడికిలి మూతి మీద పడింది. తెల్ల చొక్కా మీదికి నెత్తురు చిమ్మింది. అడ్డొచ్చిన ఇద్దరిని గోడకేసి కొట్టాడు మేస్త్రి. పెళ్లాం దిగులుతో చిక్కి సగమయ్యాడని వీధంతా జాలిపడుతున్న మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కే చేతులు గడగడా వణుకుతున్నాయి. ఒళ్లంతా చెమట.

"నాకు కంటి మీద కునుకు లేదు. బీపీ మాత్ర తప్పకుండా వేసుకుంటున్నా దడ ఆగట్లేదు. అంతా నీ పుణ్యమే!" గాజు పెంకు తీసి షాపాయన గొంతు మీద పెట్టాడు. "అది పోతే నువ్వూ పోతావ్."

షాపాయన భోరుమన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు! వదినకి ఏ మాత్ర వేశావో ఒక్కసారి చూపించు, ఆ తర్వాత చంపెయ్!"

"ఏ మాత్రేంట్రా? అట్టలు చింపి, ఇద్దరివీ చెరో డబ్బాలో పోసి, నా చేత్తో నేనే వేస్తున్నా!"

జేబులోంచి భార్య డబ్బా తీసి మొహాన కొట్టాడు. చిన్న చిన్న తెల్ల మాత్రలు నేలంతా దొర్లాయి.

షాపాయన ఒకటి ఏరి వెలుతురుకి పెట్టి, దాని మీది అక్షరాలు చూశాడు. నెత్తురు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"అన్నా, ఇది నీ బీపీ మాత్ర... మరి వదిన థైరాయిడ్ మాత్రలు ఇన్నాళ్లుగా మింగుతున్నదెవరు?"