రావికమతం అభిమాని

"ఈ పాటకి చీటీ అక్కర్లేదు కదా?" అన్నాడు సత్యారావు, మైకు ముందు నిలబడి.

తవిటయ్య గిటారు తీగ బిగిస్తూ తలెత్తలేదు. "చీటీ లేకండా నీ పాట ఎప్పుడు వాయించేనురా?"

పదమూడేళ్లయినా మనిషి మారలేదు. సత్యారావుకి ఒళ్లు మండింది.

చోడవరం చుట్టుపక్కల పండగలకి కరెంటు గిటారు తెచ్చిన పాటల పార్టీ 'థండర్ బాయ్స్'. బాయ్స్‌కి ఇప్పుడు యాభై దాటాయి. క్యాసెట్ల షాపాయన పాతవాళ్లని కూడగట్టి, ఒక్క పాటతో క్యాసెట్టు వేస్తానన్నాడు. తను కట్టిన పాటయితేనే పాడతానన్నాడు సత్యారావు. దాసు తన డ్రమ్స్ నిన్ననే వాయించేసి గోవాడ ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు. షాపు మేడ మీది గదిలో ఇక మిగిలింది గొంతూ గిటారూ.

పార్టీ విడిపోయింది ఆ పాట మీదే. సినిమా పాటలు తప్ప వేరేవి వద్దనేవి పండగ కమిటీలు. జనంలోంచి చీటీ వస్తే మాత్రం కాదనేవి కావు. అందుకని, చీటీ వస్తేనే సొంత పాట అని తవిటయ్య రూలు పెట్టాడు. చీటీలు మైకులో చదివేదీ అతనే. తమాషా ఏమిటంటే, ఏ ఊళ్లో ప్రోగ్రాం పెట్టినా ఆ చీటీ వచ్చేది. ఎడం చేత్తో రాసినట్టు వంకర అక్షరాలు. 'సత్యారావుగారి సొంత పాట పాడవలెను. ఇట్లు, రావికమతం అభిమాని.' రోలుగుంటలో వానకి జనమంతా లేచి వెళ్లిపోయిన రోజు కూడా వచ్చింది.

అవన్నీ సత్యారావు హార్లిక్స్ సీసాలో దాచుకున్నాడు. అంత అభిమానం ఉన్న పాటకి తవిటయ్య పర్మిషనేమిటని ఒకరోజు స్టేజీ దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఎక్కడా పాడలేదు. ఆ అభిమానికి ఒక్క మాటైనా చెప్పకుండా మానేసినందుకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

"నీ కోసం రాలేదు నాను," అన్నాడు. "ఆ రావికమతం ఆయన కోసం వచ్చేను. మొదటి క్యాసెట్టు ఆయనకే ఇత్తాను. బతికున్నాడో లేదో."

"ఉంటాడులే," అన్నాడు తవిటయ్య.

అద్దం అవతల నుంచి రికార్డింగ్ కుర్రాడు తలుపు వేసుకోమని సైగ చేశాడు. సత్యారావు వెళ్లి గడియ పెట్టి వచ్చి, కళ్లజోడు తగిలించుకున్నాడు. స్టాండు మీద తన పాట కాగితం ఉంది. దాని మీద, ఇందాక లేని చీటీ ఒకటి.

మడత విప్పాడు. అవే వంకర అక్షరాలు, అదే కోరిక, కింద అదే సంతకం. ఇంకు ఇంకా తడిగానే ఉంది.

కళ్లు చెమర్చాయి. ఎవరు తెచ్చారా అని చుట్టూ చూశాడు.

గదిలో తవిటయ్య ఒక్కడే ఉన్నాడు.